ఊరూ పేరూ రాయని ప్రశ్నలు: 1691లో ఒక లండన్ కాఫీ హౌస్‌కి వచ్చిన ఉత్తరాల కథ



మన దగ్గర రైలెక్కి సీట్లో కుదురుకునే లోపే ఎదుటి సీటులోంచి ప్రశ్నలు మొదలవుతాయి. ఏ ఊరు బాబూ? ఏం చేస్తుంటావు? జీతం ఎంతొస్తుంది? పెళ్లయిందా? సొంతిల్లా, అద్దెదా? అడిగే పెద్దాయనకి ఈ సమాధానాలతో ఒక్క పని కూడా లేదు. రాజమండ్రిలో దిగిపోతాడు, మళ్లీ ఈ జన్మలో కనపడడు. అయినా అడుగుతాడు. ఊరికే. కాలక్షేపం.

కొత్తవాళ్లని ప్రశ్న అడగడంలో ఇది ఒక రకం. ఇంకో రకం ఉంది. మన మనసులో తొలుస్తున్న సందేహాన్ని ఇంట్లోవాళ్లని అడగలేక, స్నేహితుల్ని అడగలేక, ముక్కూముఖం తెలియనివాళ్లని అడగడం. రాత్రి రెండు గంటలకి ఫోన్ తీసి మనం టైప్ చేసేవన్నీ ఈ రెండో రకమే. ఇది ఇంటర్నెట్‌తో వచ్చిన అలవాటు అని చాలామంది అనుకుంటారు. నిజానికి పత్రిక రూపంలో దీనికి 300 ఏళ్లకు పైగా చరిత్ర ఉంది, మొదలైన తేదీ కూడా ఉంది. 1691 మార్చి 17. ఊరు లండన్. ఈ రోజు కథ అదే.

ముందు కాలం ఎప్పటిదో మనకి అందేలా పెట్టుకుందాం. చార్మినార్ కట్టి అప్పటికి సరిగ్గా వందేళ్లు. గోల్కొండ కోట ఔరంగజేబు చేతికి చిక్కి ఇంకా నాలుగేళ్లు కూడా నిండలేదు. మచిలీపట్నం రేవు నుంచి మన కలంకారీ బట్టలు ఓడలెక్కి ఇంగ్లండ్ వెళ్తున్న రోజులు. ఆ టైంలో లండన్‌లో జాన్ డంటన్ అని ఒక పుస్తకాల వ్యాపారి ఉండేవాడు. వయసు ముప్పై దాటింది. పుస్తకాలు అచ్చు వేయించి అమ్మడం ఆయన పని. బుర్ర నిండా ఐడియాలే. ఇప్పుడైతే స్టార్టప్ ఫౌండర్ అనేవాళ్లేమో.

ఈ డంటన్‌కి ఒక గొడవ వచ్చింది. తను సాయం చేసిన ఎవరో ఒక మనిషి తనకి పెద్ద అన్యాయం చేశాడు. అది ఏంటో, ఎవరు చేశారో ఆయన ఎప్పుడూ బయటపెట్టలేదు. 1705లో రాసుకున్న ఆత్మకథలో మాత్రం ఆ బాధ గురించి చెప్పాడు. నిద్రపట్టడం లేదు, మనసు అక్కడే తిరుగుతోంది. ఎవరైనా మతగురువు దగ్గరికి వెళ్లి సలహా అడుగుదామంటే, తనెవరో చెప్పాలి, అవతలి మనిషి ఎవరో చెప్పాలి. రెండూ ఇష్టం లేదు. ఇలా నలుగుతూ ఒకరోజు ఇద్దరు స్నేహితులతో కలిసి లండన్‌లో సెయింట్ జార్జ్స్ ఫీల్డ్స్ అనే మైదానం గుండా నడుస్తున్నాడు. నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోయాడట. నాకిప్పుడొక ఆలోచన వచ్చింది, 50 గినీలు ఇస్తానన్నా ఇది ఎవరికీ ఇవ్వను అన్నాడట.

ఆ ఆలోచన ఇది. పేరు రాయకుండా ఎవరైనా ప్రశ్న పంపొచ్చు. ఏ ప్రశ్నైనా సరే. దానికి జవాబు ఒక పత్రికలో అచ్చవుతుంది. అడిగినవాడు కూడా అందరిలాగే ఆ పత్రిక కొనుక్కుని, ఎక్కడో ఒక మూల కూర్చుని తన జవాబు తను చదువుకుంటాడు. జవాబు ఇచ్చేవాడికి అడిగిందెవరో తెలియదు. అడిగినవాడికి జవాబు ఇచ్చిందెవరో తెలియదు.

దీని పేరు మొదటి సంచికకి ఎథీనియన్ గెజిట్. అప్పటికే ప్రభుత్వం తరఫున లండన్ గెజిట్ అని ఒకటి ఉంది కాబట్టి ఆ మాట వదిలేసి వెంటనే ఎథీనియన్ మెర్క్యురీ అని మార్చారు. ఎథీనియన్ అంటే ఏథెన్స్ వాళ్లు. బైబిల్‌లో అపొస్తలుల కార్యముల గ్రంథంలో 17వ అధ్యాయంలో ఏథెన్స్ జనం గురించి ఒక మాట ఉంటుంది. ఆ ఊరివాళ్లకి ఎప్పుడు చూసినా కొత్త సంగతి ఏదో చెప్పుకోవడం, వినడం, ఇదే పని అని. అది కాస్త ఎత్తిపొడుపుగా అన్న మాట. డంటన్ దాన్నే ఏరికోరి బోర్డు మీద రాసుకున్నాడు. పని లేని కుతూహలం మా దగ్గర తప్పు కాదు, రండి అని.

ఇక్కడ నాకు నచ్చే విషయం ఒకటుంది. మన కథల్లో ప్రశ్న అడిగేవాడిదే పైచేయి. యక్షుడు చెరువు గట్టు మీద ధర్మరాజుని నిలబెట్టి అడుగుతాడు. బేతాళుడు విక్రమార్కుడి భుజం మీదెక్కి కూర్చుని అడుగుతాడు. చెప్పకపోతే ప్రాణం మీదికొస్తుంది. భయమంతా జవాబు చెప్పేవాడిది. లండన్‌లో ఇది తలకిందులైంది. ఇక్కడ భయపడేది అడిగేవాడు. నన్నెవరైనా గుర్తుపడతారేమో, నవ్వుతారేమో అని. ఆ భయాన్ని తీసేస్తే జనం ఎన్ని ప్రశ్నలు అడుగుతారో డంటన్‌కి కూడా అంచనా లేదు.

ఇంకో సంగతి. ఈ ఐడియా ఇరవై ఏళ్ల ముందు వచ్చుంటే పనిచేసేది కాదు. ఎందుకో చూద్దాం.

లండన్‌లో మొదటి కాఫీ హౌస్ 1652లో పాస్క్వా రోజే అనే ఆయన పెట్టాడు. ఒక పెన్నీ ఇస్తే కప్పు కాఫీ, దాంతోపాటు బల్ల మీద పడున్న పత్రికలు, చుట్టూ కూర్చున్నవాళ్ల కబుర్లు. మన ఊళ్లలో సెంటర్లో టీ బంకు దగ్గర ఒకే పేపర్‌ని పది మంది పంచుకుని చదవడం చూశారు కదా, అదే సీను. ఇక్కడ జరిగే మాటలు రాజుకి ఎంత చిరాకు తెప్పించాయంటే, 1675 డిసెంబర్ చివర్లో రెండో చార్లెస్ కాఫీ హౌస్‌లన్నీ మూసేయమని ప్రకటన ఇచ్చాడు. జనం గగ్గోలు పెట్టేసరికి రెండు వారాలు కూడా తిరక్కుండా వెనక్కి తీసుకున్నాడు.

రెండోది పెన్నీ పోస్ట్. 1680లో విలియం డాక్రా అనే వ్యాపారి మొదలుపెట్టాడు. ఒక పెన్నీ కడితే లండన్‌లో ఎక్కడి నుంచి ఎక్కడికైనా ఉత్తరం చేరుతుంది, అదీ రోజుకి చాలాసార్లు బట్వాడా. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, పెన్నీ పోస్ట్ ఇన్‌పుట్, కాఫీ హౌస్ డిస్‌ప్లే, మధ్యలో డంటన్ పెట్టింది సర్వర్. ప్రశ్నలు పంపాల్సిన చిరునామా కూడా ఒక కాఫీ హౌసే. పౌల్ట్రీ అనే వీధి దగ్గర స్టాక్స్ మార్కెట్‌లో ఉన్న స్మిత్ కాఫీ హౌస్. తర్వాత ఆ మార్కెట్ స్థలంలోనే లండన్ మేయర్ ఉండే మాన్షన్ హౌస్ కట్టారు.

పత్రిక అంటే పెద్దగా ఏమీ ఊహించుకోకండి. ఒకే ఒక్క కాగితం, రెండు వైపులా అచ్చు. వెల ఒక పెన్నీ. మంగళవారం ఒకటి, శనివారం ఒకటి. కొన్ని వారాలకే ప్రశ్నలు ఎంతగా వచ్చి పడ్డాయంటే, ఉన్నవాటికి జవాబులు పూర్తయ్యేదాకా దయచేసి కొత్తవి పంపకండి అని పత్రికలోనే వేసుకోవాల్సి వచ్చింది. మధ్యలో ఒక విరామంతో 1697 దాకా నడిచింది. మొత్తం 580 సంచికలు, సుమారు 6,000 ప్రశ్నలు. అంటే ఒక్కో కాగితానికి సగటున పది.

సరే, ఏం అడిగారు? ఏం అడగలేదని చెప్పడం తేలిక.

చంద్రుడి మీద మచ్చలు ఎలా వచ్చాయి? గాలి ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది? ఆర్పేసిన మంట ఎక్కడికి వెళ్తుంది? చూడండి, ఇది నాలుగేళ్ల పిల్లాడు అడిగే ప్రశ్న. పెద్దవాళ్లు అడిగితే వెర్రివాడు అంటారు. అందుకే పేరు లేకుండా అడిగారు. లాజరు చనిపోయి నాలుగు రోజులు సమాధిలో ఉన్నాడు కదా, ఆ నాలుగు రోజులు అతని ఆత్మ ఎక్కడుంది? ఇది చర్చిలో ఫాదర్‌ని అడిగితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

తర్వాత ఇంకో కోవ. ఒక అమ్మాయికి మన మీద ప్రేమ ఉందని ఎలా కనిపెట్టాలి? ఒక ఆడ, ఒక మగ మధ్య ఏ దురుద్దేశం లేని స్నేహం సాధ్యమా? ఈ రెండో ప్రశ్న ఇప్పటికీ మన వాట్సాప్ గ్రూపుల్లో తేలలేదు, మన సినిమాల్లోనూ తేలలేదు. 1690ల్లో లండన్ కుర్రాడు కూడా దానితోనే సతమతమయ్యాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. వీటన్నిటికీ జవాబులు రాస్తున్న ఆ ఎథీనియన్ సొసైటీలో ఉన్నదెవరు?

జనం అనుకున్నది ఏంటంటే, అది మహా మహా పండితుల సంఘం అని. 1692లో అచ్చయిన ఒక బొమ్మలో బల్ల చుట్టూ పన్నెండు మంది పెద్దమనుషులు కూర్చుని ఉంటారు, కింద జనం ప్రశ్నలతో ఎగబడుతుంటారు. అదే ఏడాది చార్లెస్ గిల్డన్ అనే రచయితతో ఈ సంఘం చరిత్ర అని ఒక పొగడ్తల పుస్తకం కూడా రాయించారు. సంఘం పుట్టి ఏడాదిన్నర కూడా కాలేదు, అప్పుడే చరిత్ర! జొనాథన్ స్విఫ్ట్ పేరు మీరు వినే ఉంటారు, గలివర్ కథ రాసినాయన. అప్పటికి ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. ఈ పండితుల సంఘాన్ని నిజమని నమ్మి, వాళ్లని ఆకాశానికెత్తుతూ ఒక కవిత రాసి పంపాడు. అచ్చయిన ఆయన మొదటి కవిత అదే.

నిజం ఏంటంటే పన్నెండు మంది లేరు. ముగ్గురే. ఒకరు డంటన్. రెండో ఆయన రిచర్డ్ సాల్ట్, లెక్కల మాస్టారు. మూడో ఆయన శామ్యూల్ వెస్లీ, చర్చి పాస్టర్. డంటన్, వెస్లీ అక్కాచెల్లెళ్లని పెళ్లి చేసుకున్నారు, అంటే మన లెక్కలో తోడల్లుళ్లు. జాన్ నోరిస్ అనే ఇంకో ఆయన మొదట్లో డబ్బు తీసుకోకుండా కొంత సాయం చేశాడు. అంతే. 1691 ఏప్రిల్‌లో ముగ్గురూ కాగితం మీద ఒప్పందం కూడా రాసుకున్నారు. ఒక వ్యాపారి, ఒక లెక్కల మాస్టారు, ఒక పాస్టర్ కలిసి సృష్టి మొత్తానికి జవాబులు చెప్పేశారు.

ఈ వెస్లీ ఇంటిపేరు ఎక్కడో విన్నట్టుందా? సికింద్రాబాద్ వాళ్లకి వెస్లీ కాలేజీ తెలుసు. మెదక్ చర్చి అందరికీ తెలుసు, 1924 క్రిస్మస్ రోజున ప్రారంభమైంది. దాన్ని కట్టించింది వెస్లియన్ మెథడిస్ట్ మిషన్‌కి చెందిన చార్లెస్ పాస్నెట్. ఆ మెథడిస్ట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ మన శామ్యూల్ వెస్లీకి స్వయానా కొడుకు. అంటే లండన్ కాఫీ హౌస్‌లో ఆర్పిన మంట ఎక్కడికి పోతుందో రాసిన మనిషి ఇంటిపేరు, రెండు వందల ఏళ్ల తర్వాత మన తెలంగాణలో స్కూళ్ల మీదా కాలేజీ మీదా బోర్డు అయింది.

వాళ్ల జవాబులు ఎలా ఉండేవి? కొన్ని బాగానే ఉండేవి. రాయల్ సొసైటీ వాళ్లు అచ్చు వేస్తున్న కొత్త సైన్స్‌ని చదివి, దాన్ని మామూలు మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పారు. లాటిన్ రాని, కాలేజీ గుమ్మం తొక్కని వాళ్లకి ఇది చిన్న విషయం కాదు. కొన్ని జవాబులు ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. దెయ్యాలు, మంత్రగత్తెల విషయాన్ని చాలా సీరియస్‌గా తీసుకున్నారు. మరి కాలం అలాంటిది. వెస్లీకి చదువు చెప్పిన గురువు చార్లెస్ మోర్టన్ అయితే, చలికాలంలో కనపడకుండా పోయే పక్షులు చంద్రుడి మీదకి వెళ్తాయని పుస్తకమే రాశాడు. దెయ్యాల సంగతి కూడా వెస్లీని వదల్లేదు. 1716 చివర్లో ఎప్‌వర్త్ అనే ఊళ్లో వాళ్ల ఇంట్లోనే గోడల్లోంచి చప్పుళ్లు వస్తున్నాయని పెద్ద కలకలం రేగింది. ఇంట్లో పిల్లలు ఆ దెయ్యానికి ముద్దుగా జెఫ్రీ అని పేరు కూడా పెట్టుకున్నారు.

అయితే ఈ ఎపిసోడ్ చేయడానికి అసలు కారణం చంద్రుడి మచ్చలు కాదండీ. ఇక్కడి నుంచి కాస్త జాగ్రత్తగా వినండి.

కాఫీ హౌస్‌కి వెళ్లి కూర్చుని చర్చలు పెట్టేది మగవాళ్లు. యూనివర్సిటీలు మగవాళ్లకే. ఇంట్లో ఉన్న ఆడవాళ్లకి సందేహం వస్తే అడగడానికి తండ్రి, లేదంటే భర్త, లేదంటే పాస్టర్. ఆ సందేహం తండ్రి గురించో భర్త గురించో అయితే? పెన్నీ పోస్ట్‌కి మాత్రం ఆడా మగా తేడా లేదు. పత్రిక మొదలైన రెండు నెలల్లోపే ఆడవాళ్ల ప్రశ్నలు కూడా తీసుకుంటామని, వాటికి నెలలో మొదటి మంగళవారం కేటాయిస్తామని ప్రకటించారు. ప్రశ్నలు వెల్లువెత్తాయి. 1693లో అచ్చంగా ఆడవాళ్ల ప్రశ్నల కోసమే లేడీస్ మెర్క్యురీ అని ఇంకో పత్రిక వచ్చింది. నాలుగే సంచికలు నడిచింది గానీ, ఇంగ్లీషులో ఆడవాళ్ల కోసం వచ్చిన మొదటి పత్రిక అదే.

ఆడవాళ్లు చదువుకోవడం తగునా అని ఎవరో అడిగారు. జవాబు ఏమొచ్చిందో తెలుసా? వాళ్ల ఆత్మలు మన ఆత్మలకి తీసిపోవు, గ్రహింపు మనకన్నా చురుకు, కాబట్టి చదువుకోకూడదనడానికి మాకు కారణమేమీ కనపడటం లేదు అనే అర్థంలో రాశారు. 1690ల్లో. పశ్చిమ ఇంగ్లండ్ నుంచి ఎలిజబెత్ సింగర్ అనే ఒక అమ్మాయి పేరు చెప్పకుండా కవితలు పంపితే, వరుసగా అచ్చు వేశారు. 1696లో ఆమె కవితల పుస్తకాన్ని డంటనే తెచ్చాడు. తర్వాత ఎలిజబెత్ రో పేరుతో ఆమె పెద్ద రచయిత్రి అయింది.

ఇది ఒక వైపు. మరో వైపు కూడా చూడాలి కదా.

భర్త భార్యని కొట్టడం న్యాయమేనా? ఈ ప్రశ్న కూడా వచ్చింది. న్యాయమే అంటే ఆడవాళ్లకి కోపం వస్తుంది కాబట్టి జాగ్రత్తగా మాట్లాడాలి అని మొదలుపెట్టారు. తర్వాత, భార్య భర్త శరీరంలో భాగమే, శరీరం బాగుండటానికి ఒక్కోసారి మన ఒంటినే కోసుకుంటాం, కాల్చుకుంటాం కదా అని ఒక పోలిక తెచ్చారు. చివరికి ఆ పని సరిగా చేయడం తెలిసిన భర్తలు తక్కువ అని ముగించారు. అంటే వద్దు అని గట్టిగా అనలేదు. తెలివిగా తప్పించుకున్నారు. ఇప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ ప్రశ్న పంపింది ఎవరు? కాఫీ తాగుతూ కాలక్షేపానికి రాసిన మగాడా? దెబ్బలు తిని, ఇంకెవరినీ అడిగే దారి లేక, ఒక పెన్నీ ఖర్చు పెట్టిన ఆడమనిషా? కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి. జవాబు రాసినవాళ్లు కాలక్షేపం ప్రశ్న అనుకునే రాశారు. అవతల ఉన్నది రెండో మనిషి అయితే, ఆమె ఆ శనివారమో మంగళవారమో ఆ కాగితం చదివి ఏమనుకుని ఉంటుంది?

ఇంకోటి ఇంతకన్నా బరువైంది. తీర్పు దినాన చనిపోయినవాళ్లంతా లేస్తారు కదా, అప్పుడు నల్లవాళ్లు నల్లగానే లేస్తారా? అడిగినవాడికి ఇది ఆర్పిన మంట లాంటి ప్రశ్నే. ఊరికే తోచింది, అడిగాడు. జవాబు రాసినవాళ్లు నలుపు ఒక లోపం అన్నట్టే మాట్లాడి, సమాధి చీకట్లోనే దాన్ని వదిలేసి ఇంతకన్నా మంచి రంగుతో లేస్తాడని తేల్చారు. అప్పుడు లండన్‌లోనే రాయల్ ఆఫ్రికన్ కంపెనీ ఉంది. ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల్లో కుక్కి బానిసలుగా అమ్మే కంపెనీ. దానితో పోలిస్తే ఒక పత్రికలో ఒక ప్రశ్న ఎంత? కానీ ఓడలో మనిషిని సరుకులా ఎక్కించడానికి, రంగు ఒక లోపం అనే మాట ముందు జనం నోళ్లలో మామూలు మాట అయిపోవాలి. ఆ మామూలుతనం ఈ కాలక్షేపం ప్రశ్నలో కనపడుతుంది.

ఇది చదివినప్పుడు నాకు మన రైలు పెద్దాయనే గుర్తొచ్చాడు. ఆయన అడిగే ప్రశ్నల్లో మొదట్లో నేను కావాలనే చెప్పని ఒకటుంది. ఇంటిపేరేంటి? అది చెప్పాక కూడా తేలకపోతే, ఇంతకీ మీరేవాళ్లు? అడిగేవాడికి ఊరికే. చెప్పేవాడికి ఊరికే కాదు. కొందరు ఠక్కున చెప్పేస్తారు. కొందరు ఒక్క క్షణం ఆగుతారు, టీసీ వచ్చాడని లేస్తారు, ఫోన్ వచ్చినట్టు చెవిన పెట్టుకుంటారు. పెళ్లిచూపులకి ముందు ఫోన్‌లో అమ్మాయి రంగు ఎలా ఉంటుందండీ అని అడగడం కూడా ఇంతే. అడిగేది నాలుగు మాటలు. ఆ ఇంట్లో అమ్మాయి ఆ నాలుగు మాటల్ని ఎన్నాళ్లు మోస్తుందో అడిగినవాళ్లకి తెలియదు.

అందుకే డంటన్ కనిపెట్టిన పద్ధతికీ రైలు పద్ధతికీ తేడా నాకు ఇలా అర్థమైంది. డంటన్ దగ్గర ముసుగు అడిగేవాడికి ఉంది. రైల్లో ముసుగు ఎవరికీ లేదు, పైగా తేలాల్సింది జవాబు చెప్పేవాడి ఊరూ పేరూ. మొదటిది లేకపోతే కొన్ని ప్రశ్నలు ఎప్పటికీ బయటికి రావు. రెండోది లేకపోయినా ఎవరికీ నష్టం లేదు.

ఈ మొదటి పద్ధతి 1697తో ఆగలేదు. డంటన్ వ్యాపారం మాత్రం దెబ్బతింది, 1730ల్లో పేదరికంలోనే పోయాడు. కానీ ఐడియా బతికింది. డేనియల్ డిఫో 1704లో మొదలుపెట్టిన పత్రికలో ఇదే చేశాడు. 1849లో విలియం థామ్స్ అనే ఆయన నోట్స్ అండ్ క్వెరీస్ అని ఒక పత్రిక పెట్టాడు. పాఠకులే అడుగుతారు, పాఠకులే చెబుతారు. స్టాక్ ఓవర్‌ఫ్లోకి తాతముత్తాత అన్నమాట. అన్నట్టు ఫోక్‌లోర్ అనే మాట పుట్టించింది కూడా ఈ థామ్సే.

న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీది ఇంకో ముచ్చట. అక్కడ జనం ఫోన్ చేసో, స్వయంగా వచ్చో అడిగిన వింత ప్రశ్నల్ని లైబ్రేరియన్లు చిన్న కార్డుల మీద రాసి దాచారు. కొన్నేళ్ల క్రితం ఆ పెట్టె దొరికింది, 2019లో పుస్తకంగా కూడా వచ్చింది. 1947లో ఒకరు, కలలో ఏనుగు తరిమితే అర్థమేంటి అని అడిగారు. 1976లో ఇంకొకరు, పాత ఇంగ్లీషు పెయింటింగుల్లో అన్ని ఉడతలు ఎందుకున్నాయి, అవి చిత్రకారుణ్ని కరవకుండా ఎలా మచ్చిక చేశారు అని అడిగారు. నవ్వొస్తుంది కదా. అదే పెట్టెలో 1945 నాటి కార్డు ఒకటుంది. విడాకుల కోసం రీనో ఊరికి ఒంటరిగా వెళ్లడం మర్యాదేనా అని. అప్పట్లో అమెరికాలో త్వరగా విడాకులు దొరికే ఊరు రీనో. అడిగింది మర్యాద గురించి. మిగతాదంతా ఆ ఒంటరిగా అనే మాటలో ఉంది.

మన తెలుగులో ఈ పని దశాబ్దాల పాటు చేసినావిడ మాలతీ చందూర్. ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం శీర్షిక. వంట దగ్గర్నుంచి చదువు, ఆరోగ్యం, అత్తగారు, భర్త దాకా, ఊళ్లలో ఉన్న ఆడవాళ్లు మద్రాసులో ఉన్న ఒక తెలియని మనిషికి ఉత్తరం రాశారు. ఆవిడ పన్నెండు మంది పండితుల ముసుగు వేసుకోలేదు, సొంత పేరుతో జవాబు చెప్పారు. నవలలు రాశారు, హృదయనేత్రికి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అయినా చాలా ఇళ్లలో ఆవిడ అంటే ముందు గుర్తొచ్చేది ఆ జవాబులే.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన రోజుల్లో ఒకటి గమనించేవాణ్ని. టీమ్‌లో అందరికన్నా బాగా తెలిసినాయన మా పక్క సీట్లోనే ఉండేవాడు. అయినా కొత్తగా చేరిన పిల్లలెవరూ ఆయన్ని అడిగేవాళ్లు కాదు. ఇది కూడా తెలీదా అనే ఆ ఒక్క మాటకి భయం. ఎక్కడో పోలండ్‌లోనో బ్రెజిల్‌లోనో ఉన్న ముక్కూముఖం తెలియనివాణ్ని ఇంటర్నెట్‌లో అడిగేవాళ్లు. ఇప్పుడు మనిషిని కూడా అడగక్కర్లేదు, మెషీన్ చెబుతోంది. అది నవ్వదు, విసుక్కోదు. ఎథీనియన్ సొసైటీ లాగే దానికి తెలియనిది కూడా పన్నెండు మంది పండితుల గొంతుతో చెప్పగలదు. కాబట్టి జవాబు వచ్చినప్పుడల్లా, బల్ల వెనక నిజంగా ఎంతమంది ఉన్నారో ఒకసారి తొంగిచూడటం మంచిది.

ఇంకో చిన్న పని కూడా చేయొచ్చు. మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరైనా వెర్రి ప్రశ్న అడిగితే, నవ్వే ముందు ఒక్క క్షణం ఆగండి. వాళ్లకి పక్కనే మనిషి దొరికితే, రాత్రి రెండింటికి తెలియనివాళ్లని వెతుక్కునే పని తప్పుతుంది.

మీ అమ్మమ్మ, నానమ్మల దగ్గర పాత వారపత్రికల ప్రశ్నలు జవాబుల కటింగులు ఏవైనా ఉంటే, పేర్లు కనపడకుండా ఫోటో తీసి కామెంట్స్‌లో పెట్టండి. అన్నీ పోగుచేసి ఒక ఎపిసోడ్ చేద్దాం. అలాగే మీరు ఎవరినీ అడగలేకపోయిన ప్రశ్న ఏదైనా ఉంటే రాయండి, ఊరూ పేరూ అక్కర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.